ఆకు మట్టి కావద్దా?

అడవి పాడైందంటే చాలు, అందరి వేలూ పోడు చేసే ఆదివాసి వైపే తిరుగుతుంది. గొడ్డలి కంటికి కనిపిస్తుంది. గాలిలో వచ్చి పడే నత్రజని కనిపించదు. కనిపించనిదాని మీద కేసు ఉండదు.

గాలిలో 78 శాతం నత్రజనే. దానితో చెరుపు లేదు. బొగ్గు, డీజిల్ మండితే పుట్టే నత్రజని ఆక్సైడ్లు, యూరియా చల్లిన చేల నుంచి లేచే అమ్మోనియా గాలిలో కొట్టుకొచ్చి వానతో అడవి మీద దిగుతాయి. చెరుపు వాటితోనే.

"నత్రజని ఎరువే కదా, అడవికి మంచిదే" అంటారు కొందరు. పొలం వేరు, అడవి వేరు. పొలంలో పంట కోసుకుపోతాం కాబట్టి తిరిగి పెట్టాలి. అడవి తన ఆకును తానే తిని బతుకుతుంది. రాలిన ఆకులోని గట్టి పదార్థం లిగ్నిన్. దాన్ని ముఖ్యంగా శిలీంధ్రాలు విడగొడతాయి. నత్రజని ఎక్కువైతే ఆకులోని మెత్తని భాగం మొదట్లో త్వరగా కుళ్లవచ్చు. తర్వాత లిగ్నిన్‌ను విడగొట్టే ఎంజైములు తగ్గి పని మందగిస్తుంది. పైగా నైట్రేటు నీటితో పోతూ కాల్షియం, మెగ్నీషియంలను వెంట తీసుకుపోతుంది. మట్టి ఆమ్లమవుతుంది.

అమెరికాలోని హార్వర్డ్ ఫారెస్టులో 1988లో దీని మీద ప్రయోగం మొదలుపెట్టారు. ఏటా హెక్టారుకు 150 కిలోల నత్రజని వేసిన పైన్ తోపులో చాలా చెట్లు చచ్చాయి. వాన తెచ్చేదానికన్నా అది చాలా ఎక్కువ, నిజమే. కానీ దారి ఎటు పోతుందో చూపింది. అక్కడ కుళ్లడం మందగించి నేలలో కర్బనం పేరుకుంది. అదీ మేలే అనేవాళ్లున్నారు. గాదె నిండా గింజలుండి పొయ్యి వెలగకపోతే దాన్ని కలిమి అంటామా?

పాల్వంచ, మణుగూరుల్లో థర్మల్ కేంద్రాలున్నాయి. ఇలాంటి కేంద్రాల నత్రజని ఆక్సైడ్లకు 2015లో కేంద్రం హద్దు పెట్టింది. 2004-2016 మధ్య కట్టినవాటికి ఘనపు మీటరుకు 300 మిల్లీగ్రాములన్న ఆ హద్దును 2020లో 450కి పెంచింది. పోడు గట్టు ఒక్క అడుగు జరిగితే మాత్రం కందకం తవ్వుతారు!

ఉపాధ్యాయ మిత్రులారా, ఎండుటాకులు తూచి వల సంచిలో కట్టి పిల్లల చేత అడవి నేల మీద పెట్టించండి. ఆరు నెలలకు మళ్లీ తూయించండి. మట్టి చేసే పని వాళ్లకు అంకెల్లో తెలుస్తుంది. యువకులారా, అడవిని కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది. మన వానలో ఎంత నత్రజని పడుతుందో కొలిచి గ్రామసభ ముందు పెట్టమని తీర్మానం చేయండి. పోడు రైతు పేరు రాసే రిజిస్టరులో పొగగొట్టం పేరూ రాయాల్సిందే.