కుట్టిన చెయ్యి పేరు కూడా రాయండి

పోయిన నెలలో ఒక ఆదివారం షాపు బంద్ చేసి, ఇంటర్ చదువుతున్న నా బిడ్డను వెంటబెట్టుకొని హైదరాబాద్ పోయాను. పెండ్లిళ్ల దినాల్లో దర్జీ షాపు ఒక్కరోజు మూయడం కూడా మామూలు మాట కాదు. కానీ మాదాపూర్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో చదవాలని ఆమె ఏడాదిగా పట్టు మీద ఉంది. ప్రవేశ పరీక్ష రాసేలోపు పాతకాలపు బట్టలు కళ్లారా చూడాలని అడిగింది. వికారాబాద్ జిల్లా బొంరాస్‌పేటలో నేను ముప్పై ఏండ్లుగా మిషన్ తొక్కుతున్నాను. నాకంటే ముందు మా నాయన తొక్కాడు. మేం మేరోళ్లం, కుట్టుపనే మా కులవృత్తి. బిడ్డ అడిగింది కూడా మా పని గురించే, కాదనడానికి నోరు రాలేదు.

మ్యూజియాలకు శుక్రవారం సెలవు, అందుకే ఆదివారం పెట్టుకున్నాం. పొద్దుగాల బస్సెక్కి పరిగి, మన్నెగూడ దాటి, చేవెళ్ల తొవ్వలో ఉన్న మర్రిచెట్ల కింద నుంచి పోయి మెహిదీపట్నంలో దిగాం. అక్కడి నుంచి సిటీ బస్సులో అఫ్జల్‌గంజ్, తర్వాత నడక. ముందు పురానీ హవేలీకి పోయాం.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బట్టలు దాచుకున్న అలమారాలు అక్కడున్నాయి. హవేలీలో ఒక పక్క భవనం ఈ కొస నుంచి ఆ కొస దాకా టేకు అలమారాలే, అవీ రెండంతస్తులు. పై అంతస్తుకు పోవడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు ఉంది. 1911లో చనిపోయిన ఆ నిజాం ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదని చెప్తారు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ తీరు వేరు. లోకంలోనే పెద్ద ధనవంతుడని పేరుపడ్డా పాత టోపీతో, సాదా షేర్వానీతో గడిపాడు. 1937 నాటి ఆయన రజతోత్సవానికి వచ్చిన వెండి బంగారు కానుకలు కూడా అక్కడే ఉన్నాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది వాటి చుట్టూ మూగితే, మేమిద్దరం అలమారాల దగ్గరే నిలబడిపోయాం.

నా మనసు లెక్క మీదికి పోయింది. రోజుకు ఒక జత చొప్పున ఏడాదికి మూడు వందల అరవై ఐదు జతలు. మిషన్ ఉండి కూడా అస్తరు వేసి, కాలరుకు బుక్రం పెట్టి ఒక షేర్వానీ దించాలంటే నాకు నాలుగు దినాలు పడుతుంది. చేతి కుట్టుకు పది దినాలు అనుకున్నా, ఒక్క మనిషి బట్టల కోసం పది మంది దర్జీలు ఏడాది పొడుగునా తల ఎత్తకుండా కుట్టాలి. బట్ట నేసినవాళ్లు, రంగు అద్దినవాళ్లు, జరీ పని చేసినవాళ్లు ఈ లెక్కలో లేరు.

అద్దం వెనక ఉన్న ఒక షేర్వానీ కాజా మీద నా కన్ను ఆగింది. కాజా అంచు పొడుగునా దారం ముళ్లు ఒకదానికొకటి ఆనుకొని వడ్లగింజలు పేర్చినట్టున్నాయి. గుండీ ఆనే మూల దగ్గర మాత్రం నాలుగు కుట్లు ఇంకా దగ్గరగా, ఇంకా బిగువుగా పడ్డాయి. గుండీ లాగేది అక్కడే, బట్ట చిరిగేదీ అక్కడే. మా నాయన నాకు మొదటి ఏడాది నేర్పిన పని ఇదే. చినిగిన పాత గుడ్డ మీద రోజుకు ఇరవై కాజాలు కుట్టించి, ఆ మూల గోటితో గుంజి చూసేవాడు. దారం కదిలితే విప్పి మళ్లీ కుట్టాలి. నేనెన్నడూ చూడని ఒక మనిషి వేళ్లు, వందేండ్ల కిందటివి, నాకు ఆ కాజాలో కనిపించాయి.

"నాయనా, ఇది కుట్టింది ఎవరు?" అని అడిగింది బిడ్డ.

నా దగ్గర జవాబు లేదు. తొడిగిన దొర పేరు మనకు తెలుసు, ఆయన కాలమూ తెలుసు.

మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియానికి పోయాం. అక్కడ కాశ్మీరు శాలువాలు, కలంకారీలు చూసి చివరికి మేలిముసుగు రెబెక్కా ముందు చాలాసేపు నిలబడ్డాం. చలువరాతిలో చెక్కిన పిల్ల, మొహం మీద ముసుగు. ముసుగు వెనక ముక్కు, పెదవులు కనిపిస్తాయి. గుడ్డ మడతలన్నీ గుడ్డ పడ్డట్టే పడ్డాయి, దర్జీగా ఆ మాట నేను చెప్పగలను. దాన్ని చెక్కినవాడు ఇటలీ శిల్పి బెంజోని. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొని తెచ్చాడు. వచ్చినవాళ్లందరూ ఆ శిల్పి పేరు చదువుకొనే పోతున్నారు.

రాతిలో గుడ్డను చెక్కిన మనిషి పేరు నూటాభై ఏండ్లుగా నిలిచింది. నిజమైన గుడ్డను కోసి, మనిషి ఒంటికి అతికినట్టు కుట్టినవాడి పేరు నిలవలేదు. ఇందులో ఏ ఒక్క మ్యూజియం తప్పూ లేదు. ఎక్కడైనా దర్జీ పేరు రాసిపెట్టే రివాజే ఉండేది కాదు. ఆ రివాజు మారింది కూడా ఒక దర్జీ వల్లే. 1858లో పారిస్‌లో సొంత దుకాణం పెట్టిన చార్లెస్ వర్త్ అనే ఇంగ్లీషు దర్జీ, తాను కుట్టిన గౌన్లలో తన పేరున్న పట్టీ వేసి కుట్టడం మొదలుపెట్టాడు. ఇయ్యాల లోకమంతా బ్రాండు అని చెప్పుకునేది ఆ పట్టీనే. మా ఆరో నిజాం పుట్టింది ఆ తర్వాతే, 1866లో. ఆయన దర్జీలకూ అట్లాంటి పట్టీ ఒకటి దక్కి ఉంటే నా బిడ్డకు నేను జవాబు చెప్పేవాణ్ని.

ఈ మాట రాజుల బట్టల కోసం రాయడం లేదు. మా మండలం నిండా లంబాడీ తండాలున్నాయి. రెండేండ్ల కింద ఒక తండా నుంచి ఒక ముసలమ్మ తన కాంచళి, అంటే పేటియా అనే లంగా మీద తొడిగే రవిక, పట్టుకొని నా షాపుకు వచ్చింది. పెండ్లికి తనే కుట్టుకున్నదట. ఎర్ర గుడ్డ మీద రూపాయి బిళ్లంత అద్దాలు, ప్రతి అద్దం చుట్టూ దారం తిప్పి తిప్పి బిగించిన కుట్టు. అన్నేండ్లు ఉతికినా ఒక్క అద్దం ఊడలేదు. "కోడలు చీరనే కడ్తది బిడ్డా, పేటియా కట్టది. దీన్ని కోసి సంచి కుట్టియ్యి" అన్నది. నేను కత్తెర పెట్టలేదు. వేరే గుడ్డతో సంచి కుట్టిచ్చి, కాంచళిని అట్లే మడిచి ఆమె చేతిలో పెట్టాను. మా పక్క రాష్ట్రం కర్ణాటకలో సండూరు లంబాడీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. మా దగ్గర అదే తీరు పని తెలిసిన ఆడవాళ్లు ముసలివాళ్లవుతున్నారు, వాళ్లతోపాటే ఆ పనీ పోతున్నది.

నేత సంగతీ చెప్పాలి. 2016 దాకా మేమూ, నారాయణపేటా ఒకే పాలమూరు జిల్లా. అక్కడి నేతగాళ్లు ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు నేస్తారు. గడులు, గుడి అంచు, ఎదురు రంగు కొంగు. ఆ చీర లేని ఇల్లు మా దిక్కు లేదు. కురుమల చేతి గొంగడి లేని ఇల్లూ ఒకప్పుడు లేదు. మా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వస్తే మేమంతా సంబురపడ్డాం, పంటకు ఊరి పేరు దక్కిందని. నేతకు, కుట్టుకు ఊరి పేరుతోపాటు మనిషి పేరు కూడా దక్కాలి.

అందుకే వికారాబాద్ జిల్లా పెద్దలకు ఒక మనవి. జిల్లా కేంద్రంలో ఒక్క గది ఇవ్వండి. ఒక పేటియా, ఒక కాంచళి, ఒక నారాయణపేట చీర, ఒక గొంగడి, రైతులు తొడిగిన జేబుల బనీను ఒకటి పెట్టండి. బడి పిల్లల్ని తీసుకొచ్చి చూపించండి. ప్రతి దాని కింద కట్టినవాళ్ల పేరుతోపాటు నేసినవాళ్ల పేరు, కుట్టినవాళ్ల పేరు, ఊరు, సంవత్సరం రాయండి. మా నాయన కుట్టిన బనీను ఒకటి మా ఇంట్లో ఉంది, అది నేనే ఇస్తాను.

చదివేవాళ్లకు కూడా ఒక మాట. మీ ఇంట్లో సందుగ తెరవండి. అమ్మమ్మ చీర, తాత అంగీ ఏదో ఒకటి అడుగున ఉంటుంది. అది ఎవరు నేశారో, ఎవరు కుట్టారో చెప్పగలిగే పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడగండి. ఆ పేరు ఒక కాగితం మీద రాసి, బట్ట మడతలో పెట్టండి.