పాత బండి, నమ్మదగిన ఉస్తాద్

పాత వాహనమున్న ఇంట్లో ఏదో ఒకరోజు ఒక దిగులు ప్రవేశిస్తుంది. చిన్నచిన్న మరమ్మతులతో ఏళ్లపాటు నడిచిన బండికి “ఇంజను పని పడింది” అన్న మాట వినవస్తుంది. లోపల ఏం పాడైందో యజమానికి తెలియదు. ఎంత ఖర్చవుతుందో తెలియదు. చెప్పేవాని మాటలో నిజమెంతో తేల్చుకునే జ్ఞానమూ ఉండదు. ఒక్క మనిషి మాట మీద ఇంటి పొదుపంతా ఆధారపడే సందర్భాలలో ఇదొకటి.

కొన్నేళ్ల క్రితం మా ఇంటికీ ఆ రోజు వచ్చింది. మా అబ్బాజాన్ కొన్న మారుతీ 800 కారు అది. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు ముగిశాక మరో అయిదేళ్లకు పొడిగించుకొని వాడుకుంటున్నాం. ఉదయం స్టార్టు చేయగానే వెనుకనుంచి నీలిరంగు పొగ రాసాగింది. దగ్గరలోని షెడ్డుకు తీసుకెళ్తే, అక్కడి మెకానిక్ ఒక్క నిమిషం చూసి, ఇంజను మొత్తం విప్పాలనీ, పిస్టన్లు, రింగులు మార్చి బోరు చేయించాలనీ చెప్పాడు. ఆయన చెప్పిన మొత్తం మా అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన సొమ్ముకన్నా ఎక్కువ. గత్యంతరం లేదనుకొని ఒప్పుకోబోయాను. ఇంటికి వచ్చి సంగతి చెబితే నా భార్య ఒకే మాట అడిగింది: “పొగ ఎప్పుడెప్పుడు వస్తోందో ఆయన అడిగారా?”

అడగలేదు. ఆ ప్రశ్నే మమ్మల్ని ఆపింది.

మా వీధిలో ఆటో నడిపే ఒక సోదరుని సలహాతో విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దవయసు ఉస్తాద్ వద్దకు వెళ్లాను. ఆయన ముందు ప్రశ్నలు వేశారు. పొగ పొద్దున్నేనా, రోజంతానా? ఎక్కువ వేగంలో పెరుగుతోందా? ఆయిలు ఎంత తగ్గుతోంది? తర్వాత బండిని ఆ రాత్రి అక్కడే ఉంచమన్నారు. మర్నాడు నా ఎదుటే స్టార్టు చేశారు. గుప్పున వచ్చిన పొగ కొద్దిసేపటికే తేలిపోయింది. ఆ పైన మూడు సిలిండర్లలోనూ కంప్రెషన్ మీటరు పెట్టి ముల్లు నాకు చూపించారు. ఒక్కొక్క దానిలో కాస్త ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ కొలిచారు. “రింగులు అరిగి ఉంటే, ఆయిలు ఆ సందును కప్పి ముల్లు పైకి పోవాలి. ఇక్కడ పోలేదు. మీ రింగులు బాగున్నాయి. వాల్వుల రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయి. రాత్రంతా ఆయిలు అందులోంచి కిందికి దిగుతోంది, అంతే” అన్నారు. సీళ్లు మార్చారు. పొగ ఆగిపోయింది. ఖర్చు మొదట విన్న దానిలో చిన్న భాగమే.

మొదటి మెకానిక్ మోసగాడని నేననను. పరీక్షించకుండా పెద్దపని చెప్పడం ఆయనకు అలవాటై ఉండవచ్చు. ఆధారం లేని అనుమానమూ అన్యాయమే. నేను గ్రహించింది ఒక్కటే: నమ్మకానికి పునాది తక్కువ ధర కాదు, తీయని మాట కాదు, మన కళ్లెదుట చేసి చూపే పరీక్ష.

అటువంటి వారిని వెతకడమెలా? బండి మీదే బతికే ఆటో, ట్యాక్సీ డ్రైవర్లను అడగండి. మీ బండిలాంటిదే ఏళ్లుగా వాడుతున్నవారిని అడగండి. చెడ్డ పనివాని వద్దకు వారు రెండోసారి పోలేరు. దొరికిన ఉస్తాద్‌కు మొదట బ్రేకు పనిలాంటి చిన్నపని అప్పగించండి. చెప్పిన రోజుకు ఇచ్చారా, అడగకుండా అదనపు సామాను మార్చారా అన్నది గమనించండి.

నిజంగానే ఇంజను విప్పవలసి వస్తే, ఏ పని, ఏ కంపెనీ సామాను, కూలి ఎంత, ఎన్ని రోజులు అన్న నాలుగు విషయాలు కాగితం మీద రాయించుకోండి. బోరింగు, క్రాంకు గ్రైండింగు వంటి లేతు పనుల బిల్లు వేరుగా ఉంటుందా అన్నది కూడా అడగండి. విప్పి కొలిచే దాకా అసలు అరుగుదల ఎంతో ఏ ఉస్తాదూ పూర్తిగా చెప్పలేడు. కాబట్టి కొత్త లోపం బయటపడితే, ఫోన్ చేసి ఒప్పించాకే ముందుకు సాగాలన్న షరతు ముందే పెట్టుకోండి. బోరును 0.25, 0.50 మిల్లీమీటర్ల చొప్పున కొన్నిసార్లే పెంచగలరు. ఇప్పుడు ఏ సైజులో ఉందో అడగండి. మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మని మొదటే చెప్పండి. చివర్లో అడిగితే నిందించినట్లుంటుంది.

ఇది ఒకవైపే. మన పాఠకుల ఇళ్లలో పానా పట్టి బతికేవారూ ఎందరో ఉన్నారు. వారి గోడు వేరు. బండి వేడెక్కి ఆగిపోయినా నడిపిన సంగతి యజమాని దాస్తాడు. చవక సామాను తానే తెచ్చి, అది పాడైతే పనివాణ్ని తప్పుపడతాడు. పని ముగిశాక బేరం మొదలుపెట్టి, మిగిలిన బాకీకి నెలల తరబడి తిప్పుతాడు. సామానుకు ముందుగా డబ్బివ్వడం, పని పూర్తయిన రోజే కూలి చెల్లించడం మన బాధ్యత. షెడ్డులో ఉన్న బండి ఆయన చేతిలో అమానత్ అయితే, ఆయన కష్టార్జితం మన చేతిలో అమానత్.

పెద్దఖర్చుకు ఒప్పుకునేముందు మరొక ప్రశ్న అడగండి: “ఈ బండి మీదైతే ఏం చేస్తారు?” నిరుడు మా కారు గేరుబాక్సులో చప్పుడొస్తే అదే ఉస్తాద్‌ను ఇలాగే అడిగాను. ఆయన కారు కిందికి దూరి, స్క్రూడ్రైవరుతో అడుగు రేకును పొడిచారు. అది లోపలికి దిగిపోయింది. “రేకు తుప్పుతిన్నది. ఇక దీనికి గేరుబాక్సు పని చేయించకండి. ఆ డబ్బు దాచుకోండి” అన్నారు.

ఆ ఒక్క మాటతో ఆయన తన చేతికందిన పనిని వదులుకున్నారు. అబ్బాజాన్ కారును అమ్మేటప్పుడు నా మనసు బరువెక్కింది. కానీ ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన ప్రతి బండీ ముందుగా ఆయన షెడ్డుకే వెళ్తోంది.