డబ్బా కంటే ముందు కంచం

సాయంత్రం నాలుగున్నర. బడి యూనిఫాం విప్పి లియోటార్డ్ వేసుకున్న తొమ్మిదేళ్ల పిల్ల అరచేతులకు తెల్ల పొడి పులుముకుంటోంది. ఎదురుగా బీమ్. పొడవు ఐదు మీటర్లు, వెడల్పు పది సెంటీమీటర్లే. దాని మీద పల్టీ కొట్టి మళ్లీ దాని మీదే నిలబడాలి. మధ్యాహ్నం బడిలో తిన్న నాలుగు ముద్దలే ఇప్పటికీ ఆమెకు ఆధారం. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. జిమ్నాస్టిక్స్ హాలు బయట బెంచీ మీద కూర్చున్న తల్లుల మాటలు మాత్రం డబ్బాల చుట్టూ తిరుగుతుంటాయి. మీ అమ్మాయికి ఏ ప్రొటీన్ పొడి వాడుతున్నారు? ఆ మల్టీవిటమిన్ ఎంతకొచ్చింది?

ఆ తల్లులను తప్పుపట్టబుద్ధి కాదు. కళ్లెదుట బిడ్డ అంతలా ఒళ్లు వంచుతుంటే ఏదో ఒకటి అదనంగా ఇవ్వాలనిపిస్తుంది. ఆట కూడా అలాంటిదే. వాల్ట్ మీది నుంచి దిగిన ప్రతిసారీ చీలమండలు, మోకాళ్లు ఒంటి బరువుకు ఎన్నో రెట్ల తాకిడిని కాచుకుంటాయి. పైగా ఎముకల బలంలో అధిక భాగం సమకూరేది పద్దెనిమిదేళ్లలోపే. అయితే ఆ ఎముకకు కావాల్సినవి చాలావరకు మన వంటింట్లోనే ఉన్నాయి. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఆటకు వెళ్లే ముందు ఒక గ్లాసు రాగి జావ, ఒక అరటిపండు. ఆట అయ్యాక ఇంటికి వెళ్లేదాకా ఆగకుండా ఉడికించిన గుడ్డో, పల్లీ చిక్కీనో, పెరుగన్నమో. హాలు మెట్ల మీదే కూర్చుని పిల్ల ఆ టిఫిన్ డబ్బా ఖాళీ చేయగలిగితే సగం బెంగ తీరిపోతుంది.

మిగతా సగం బెంగ ఈ ఆట అలవాటు చేసిన ఆలోచనది. బరువు తక్కువుంటే గాల్లో బాగా తిరుగుతావని పిల్లలకు ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఆ మాటతో పిల్ల కంచంలో అన్నం తగ్గిస్తుంది, తగ్గిన అన్నానికి బదులుగా ఇంట్లో మాత్ర ఇస్తారు. అమెరికా జిమ్నాస్ట్ క్రిస్టీ హెన్రిచ్ తిండి మానేసే జబ్బుతో చిక్కి శల్యమై 1994లో ఇరవై రెండేళ్లకే కన్నుమూసింది. అంత దూరం పోకపోయినా, చాలినంత తినకుండా గంటల తరబడి సాధన చేసే అమ్మాయిలకు రజస్వల కావడం ఆలస్యమవుతుంది, అయినవారికి నెలసరి ఆగిపోతుంది. ఆటలో ఇది మామూలేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. మామూలు కాదు. ఉన్న కాస్త శక్తినీ గుండెకూ మెదడుకూ దాచుకుని ఎముకకు ఇవ్వలేకపోతున్నానని ఒళ్లు చెబుతున్న మాట అది. అప్పుడు ఎన్ని కాల్షియం బిళ్లలు మింగించినా ఎముక నిలబడదు, తిండి పెరగాలి. ఆడపిల్ల పెద్దమనిషైతే నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి ముద్దలు తినిపించిన ఇళ్లు మనవి. ఆ వయసులో పిల్లకు తిండి పెంచాలని మన అమ్మమ్మలకు ఒకరు చెప్పాల్సిన అవసరం రాలేదు.

మాత్రలన్నీ వృథా అని దీనర్థం కాదు. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. రక్తం తక్కువైన పిల్ల రెండో పల్టీకే ఆయాసపడుతుంది. సర్కారు బళ్లలో వారానికోసారి చేతిలో పెట్టే నీలం రంగు ఐరన్ మాత్ర అలాంటివారికి నిజంగా మేలు చేస్తుంది. గుడ్డూ మాంసమూ ముట్టని ఇళ్ల పిల్లలకు బీ12 తగ్గవచ్చు. పొద్దున బడిలో, సాయంత్రం హాల్లో గడిపే పిల్లకు ఎండ తగలక డీ విటమిన్ తగ్గుతుంది. ఇవన్నీ రక్తపరీక్ష చేయించి, పిల్లల డాక్టరు రాసిన మోతాదులో, రాసినన్నాళ్లే వాడాల్సినవి. వారానికోసారి వేయమని రాసిన అరవై వేల యూనిట్ల డీ విటమిన్‌ను పొరపాటున రోజూ వేస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు మొదలవుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బలానికే కదా అనుకుంటూ రెండు మూడు డబ్బాలు కలిపి వాడే ఇళ్లలో ఏ విటమిన్ ఎంత పోతోందో లెక్క ఉండదు.

ఇంకో భయం కూడా ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రుమేనియా అమ్మాయి ఆండ్రియా రదుకాన్ ఆల్‌అరౌండ్ స్వర్ణం గెలిచింది. అప్పటికి పదహారేళ్లది. జలుబు చేస్తే జట్టు డాక్టరు ఇచ్చిన మాత్ర వేసుకుంది. అందులో ఆనాడు నిషేధించిన సూడోఎఫెడ్రిన్ ఉంది. మాత్ర ఇచ్చింది డాక్టరు, పతకం పోయింది మాత్రం పిల్లది. రియో ఒలింపిక్స్‌లో 0.15 పాయింట్ల తేడాతో కాంస్యం చేజారినా మన గుండెల్లో నిలిచిన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌కూ హైజెనమైన్ అనే పదార్థం వల్ల 21 నెలల నిషేధం పడింది. అది 2023 జులైలో ముగిసింది. తెలియకుండానే అది తన ఒంట్లోకి చేరిందని, ఎలా వచ్చిందో తేల్చుకోలేకపోయానని ఆమె చెప్పుకుంది. ఈ హైజెనమైన్ కొన్ని మొక్కల్లోనూ, కొన్ని సప్లిమెంట్లలోనూ ఉండేదే. డబ్బా మీద రాయని సరుకు డబ్బాలో ఉన్నా శిక్ష ఆటగత్తెకే. చిన్నపిల్ల అన్న కారణంతో డోప్ పరీక్ష నుంచి మినహాయింపు లేదు.

2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చిన బుడ్డా అరుణా రెడ్డిది హైదరాబాదు. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని 2024 ఆహార మార్గదర్శకాల్లో చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ ఉన్నదీ ఆ ఊళ్లోనే, తార్నాకలో. పొడులు అమ్మేవాళ్లు పిల్లల దాకా రాగలుగుతున్నప్పుడు పోషకాహారం చదువుకున్నవాళ్లు రాలేరా? ప్రతి శిక్షణ కేంద్రానికీ మూడు నెలలకోసారి ఒక పోషకాహార నిపుణురాలిని పంపే ఏర్పాటు రెండు తెలుగు ప్రభుత్వాల క్రీడా శాఖలకు మోయలేని ఖర్చేమీ కాదు. వచ్చిన ఆవిడ పిల్లలను బరువు తూచే యంత్రం మీద నిలబెట్టనక్కర్లేదు. పక్కన కూర్చోబెట్టుకుని పొద్దుట్నుంచీ ఏం తిన్నావమ్మా అని అడిగితే చాలు. ఇంట్లో వాడుతున్న డబ్బాలన్నీ సంచిలో వేసుకుని రమ్మని ముందురోజే తల్లులకు చెప్పాలి.