టన్నులు కాదు బాబూ, సెకన్లు లెక్కపెట్టండి

ఇంట్లో కత్తులు చేసుకునే సరదా అమెరికాలో ఎప్పట్నుంచో ఉంది. 2015లో హిస్టరీ ఛానల్లో 'ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్' మొదలయ్యాక చాలామందికి పాకింది. ఎర్రగా కాలిన ఉక్కుని ప్రెస్సు కింద పెట్టి పూరీ పిండిలా నొక్కెయ్యడం చూస్తే ఎవడికైనా చెయ్యి దురద పెడుతుంది. నాకూ పెట్టింది. అందులో తప్పేం లేదు. నా గొడవంతా "300 డాలర్లలో 20 టన్నుల ఫోర్జింగ్ ప్రెస్" అని ఊదరగొట్టేవాళ్ళతోనే.

వాళ్ళు చెప్పేది ఇదీ. బేరింగులు ఊడదీయడానికి మెకానిక్కులు వాడే షాప్ ప్రెస్ ఒకటి కొనాలి. అందులో ఉన్న బాటిల్ జాక్ మీద 20 టన్నులు అని రాసుంటుంది. రెండు డైలు తగిలిస్తే ఫోర్జింగ్ ప్రెస్ అయిపోయిందట! ఆ లెక్కన మా ఇంట్లో చపాతీ కర్ర రోడ్డు రోలరు.

టన్నులు నిజమే. కానీ పది సార్లు జాక్ కొడితే ఒక్కోసారికి మిల్లీమీటరో రెండో దిగుతుంది. ఈలోపు మీ ఉక్కు ఏం చేస్తోంది? 1100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిమిలోంచి తీసిన ముక్క, చల్లటి డైలు రెండువైపులా పట్టుకునేసరికి క్షణాల్లో వేడి పోగొట్టుకుంటుంది. ఎరుపు మందగించేకొద్దీ అది లొంగడం మానేస్తుంది. మీకు చెమటలు పట్టాక చూస్తే ముక్క నల్లబడి ఉంటుంది, మందం మాత్రం తగ్గదు. మళ్ళీ కొలిమిలోకి, మళ్ళీ జాక్ దగ్గరికి. నేను మొదట కొన్నది ఇదే కాబట్టి చెబుతున్నాను. మూడు శనివారాలు తగలేశాను.

మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే వీళ్ళు బ్యాండ్‌విడ్త్ చూపించి లేటెన్సీ దాచేస్తున్నారు. వేడి ఇనుము దగ్గర లేటెన్సీయే సర్వస్వం.

అసలు ప్రెస్సు లెక్క ఎలా ఉంటుందో చూడండి. 5 అంగుళాల సిలిండరు తీసుకుంటే దాని వైశాల్యం సుమారు 19.6 చదరపు అంగుళాలు. 2500 పి.ఎస్.ఐ. ఒత్తిడి ఇస్తే 49,000 పౌండ్లు, అంటే 22 మెట్రిక్ టన్నుల పైచిలుకు. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. ఎవరూ చెప్పనిది పంపు సంగతి. కట్టెలు చీల్చే లాగ్ స్ప్లిట్టర్లలో వాడే రెండు దశల పంపు బరువు తగలనంతసేపు నిమిషానికి 11 గ్యాలన్ల నూనె తోస్తుంది. బరువు తగలగానే 3 గ్యాలన్లకి దిగి ఒత్తిడి పెంచుకుంటుంది. మన సిలిండరులో అది ముందు సెకనుకి 2 అంగుళాలకి పైగా, నొక్కేటప్పుడు అర అంగుళానికి కాస్త పైన. అదీ వేగమంటే! 5 హెచ్.పి. మోటారుతో ఇది నడుస్తుంది.

ఇంకో మోసం, డై వెడల్పు. ఒత్తిడంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం, హైస్కూలు పాఠం. అదే 49,000 పౌండ్లు 2 చదరపు అంగుళాల మీద పడితే అంగుళానికి 24,500, ఉక్కు వెన్నలా సాగుతుంది. 10 చదరపు అంగుళాల బల్లపరుపు డై మీద పడితే 4,900. ఉక్కు మీ మొహం చూసి నవ్వుతుంది. టన్నులు పెంచేముందు డై సన్నం చేసుకోండి, డబ్బు ఖర్చు లేదు.

ఇక అసలు ఒళ్ళు మండే విషయం. ఆ షాప్ ప్రెస్సుతో వచ్చే పోత ఇనుము పలకలు పక్కబరువు పడితే గాజులా పగిలి ఎగరగలవు. కత్తి ముక్క నడిమధ్యనే కూర్చుంటుందని ఎవరు రాసిచ్చారు? సొంతంగా ఫ్రేము వెల్డింగు చేసుకునేవాళ్ళు చాలామంది సి ఆకారం ఎంచుకుంటారు, పని చేసుకోడానికి ముందు ఖాళీ ఉంటుందని. కానీ 22 టన్నులు దాని నోరు తెరవడానికే చూస్తాయి. ఆ వంపునంతా భరించేది మీ వెల్డింగే. రెండువైపులా నిలువు కమ్మీలున్న హెచ్ ఫ్రేములో బలం తిన్నగా లాగుడుగా పోతుంది. అందుకే మొదటిసారి చేసేవాడికి హెచ్ ఫ్రేమే దిక్కు.

నూనె పైపుల సంగతి ఇంకా ఘోరం. 2500 పి.ఎస్.ఐ. దగ్గర సూదిమొనంత చిల్లు పడితే వచ్చే ధార కంటికి సరిగ్గా కనపడదు. చెయ్యి పెట్టి వెతికితే చర్మంలోకి దూరుతుంది. పైకి చీమ కుట్టినంత గాయం, లోపల నూనె. వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే వేలో చెయ్యో తీసెయ్యాల్సి రావచ్చు. అదే నూనె తుంపర్లుగా లేచి ఎర్రటి ఇనుము మీద పడితే గరాజు మొత్తం అంటుకుంటుంది. పాత ట్రాక్టరు పైపులు తెచ్చి "చవగ్గా కొట్టేశాను" అని మురిసేవాడికి ఇది చెప్పినవాళ్ళున్నారా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

"నీలాంటివాళ్ళు భయపెట్టడం వల్లే మామూలోడు ఏదీ చేసుకోలేకపోతున్నాడు" అంటారు. బాబూ, నేను చేసుకోవద్దనడంలేదు. రెడీమేడ్‌గా కొంటే వేల డాలర్లు, అందరి వల్లా కాదు. పాత లాగ్ స్ప్లిట్టర్ కొని పంపూ, సిలిండరూ తీసుకోండి. ఇనుప సామాన్ల కొట్లో బీములు ఏరుకోండి. మోటారు సెకండ్‌హ్యాండ్ది చాలు. పీనాసితనం చూపించకూడనివి మూడే: పైపులు, రిలీఫ్ వాల్వు, వెల్డింగు. పైపులు కొత్తవి, ఒత్తిడికి తగినవి వేసి, వేడి ఇనుముకి అడ్డంగా రేకు పెట్టండి. రిలీఫ్ వాల్వు లేకుండా స్విచ్ వెయ్యొద్దు. వెల్డింగు మీకు రాకపోతే వచ్చినవాడికి డబ్బిచ్చి చేయించుకోండి. కాలు తీస్తే ఆగిపోయే పెడల్ పెట్టండి. ఇదంతా కలిపి వెయ్యి డాలర్లు దాటుతుంది. అదీ చవకే. 300 అని చెప్పడమే అబద్ధం.

అంత లేదా? అయితే ప్రెస్సే వద్దు. మన ఊళ్ళో కమ్మరి లారీ స్ప్రింగు పట్టీతో కత్తి చేసేటప్పుడు ఏ హైడ్రాలిక్సు ఉంది? ఆయన పట్టకారుతో పట్టుకునేవాడు, ఇంకొకరు సమ్మెట వేసేవాళ్ళు. ప్రెస్సు చేసేది ఆ సమ్మెట మనిషి పనే. పొరలు పొరలుగా డమాస్కస్ ఉక్కు అతికేవాడికి ఆ మనిషి కావాలి. మొదటి కత్తి చేసేవాడికి ఒక సుత్తి, ఒక దాగలి చాలు. అసలు సాగగొట్టకుండా పట్టీని అరగదీసి కూడా మంచి కత్తి చెయ్యొచ్చు.

ప్రొడక్షన్లో బగ్ వస్తే రాత్రికి రాత్రి వెనక్కి తిప్పుకుంటాం. తెగిన వేలుకి రోల్‌బ్యాక్ లేదు. ఇంకోసారి ఎవరైనా "ఎన్ని టన్నులు?" అని గొప్పగా చెబితే, "ఎన్ని సెకన్లు, ఎవరి వెల్డింగు?" అని అడగండి. సమాధానం రాకపోతే అక్కణ్ణుంచి రెండడుగులు వెనక్కి జరగండి.