తక్‌పట్టీతో లండన్ పోవచ్చా?

మా పెదనాన్న కూతురు డాలస్‌లో పుట్టి పెరిగింది. నాకంటే ఐదేళ్లు పెద్ద, కాబట్టి అక్క. పోయిన ఆగస్టులో ఒక రాత్రి వాట్సాప్ కాల్ చేసి, "డిసెంబర్‌లో ఫస్ట్ టైమ్ ఇంగ్లండ్ పోతున్నా. నువ్వు, బాబాయి కూడా రండి. మీకూ నాకూ మధ్యలో ఉంటది కదా, అక్కడే కలుద్దాం. హోటల్ నేను చూసుకుంటా" అన్నది. మంచం మీద కూర్చున్న మా బాపు ఫోన్‌లోకి తొంగి చూసి, "గట్లనే బిడ్డా, వస్తం" అన్నాడు. కేసముద్రం నుంచి మానుకోట పోయొచ్చినంత తేలిగ్గా అన్నాడు.

సీఎస్ఈ చదువుతున్నాను కాబట్టి ఇంట్లో ప్రింటర్ పని చేయకపోయినా, కరెంటు బిల్లు కట్టాలన్నా నన్నే పిలుస్తారు. ఈ ప్లానింగ్ కూడా నా నెత్తినే పడింది. ఒక షీట్ ఓపెన్ చేసి రెండు ట్యాబులు పెట్టాను. ఒకటి అక్కది, ఒకటి మాది. ఆ రెండు ట్యాబులు ఎట్లా నిండుతూ వచ్చాయో చూశాకే ఇది రాయాలనిపించింది.

అక్క ట్యాబుతో మొదలుపెట్టాను. 2025 జనవరి 8 నుంచి అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కూడా ఇంగ్లండ్ పోవాలంటే ఈటీఏ అనే ముందస్తు అనుమతి తీసుకోవాలి. మొదట దాని ఫీజు 10 పౌండ్లు, ఆ ఏప్రిల్‌లో 16 చేశారు. అంటే అప్పట్లో మన లెక్కలో రెండు వేల రూపాయల లోపే. ఫోన్‌లో యాప్ వేసుకుని, పాస్‌పోర్టు ఫొటో, మన ఫొటో తీసి, నాలుగు ప్రశ్నలకు జవాబులిస్తే చాలు. ఒకసారి వస్తే రెండేళ్లు పని చేస్తుంది, ఎన్నిసార్లయినా పోయి రావచ్చు. అక్క ఇదంతా ఆఫీసులో లంచ్ టైమ్‌లో చేసేసింది. "ఇదొక కొత్త తలనొప్పి పెట్టారు, ముందు ఇది కూడా లేకుండె" అని విసుక్కుంది కూడా.

ఆ తర్వాత ఆమె ట్యాబులో మిగిలిన ప్రశ్నలన్నీ 'ఏం చూడాలి' అన్నవే. అక్కడ నా సాయం కొంత పనికొచ్చింది. డిసెంబర్ 25న లండన్ టవర్ చూస్తా అని రాసుకుంది. ఆ రోజు టవర్ మూసి ఉంటుంది. ట్యూబ్ రైళ్లు, సిటీ బస్సులు కూడా నడవవు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది కాబట్టి రోజుకు ఆరు చోట్లు పెట్టుకోవద్దని, రెండు చాలని చెప్పాను. లండన్‌లో బస్సు, ట్యూబ్ ఎక్కడానికి మామూలు బ్యాంకు కార్డు తాకిస్తే సరిపోతుందని, రోజుకు ఇంతకు మించి కట్ కాదనే లిమిట్ ఉంటుందని రాశాను.

అప్పుడే ఒక విచిత్రం గమనించాను. ఇంగ్లండ్‌లో అక్కకు కొత్తగా అనిపించేవన్నీ నాకు పాతవే. అక్కడ బండ్లు రోడ్డుకు ఎడమ పక్క నడుస్తాయి, మన దగ్గర లాగే. రోడ్డు దాటేటప్పుడు అక్క రెండు దిక్కులా చూడాలి, నాకు ఆ అలవాటు పుట్టుకతోనే ఉంది. అక్కడి కరెంటు 230 వోల్టులు, మనదీ అంతే. అమెరికాలో 120. ఆమె హెయిర్ డ్రయర్ అక్కడ పెడితే కాలిపోవచ్చు, నా ఛార్జర్‌కు పిన్ను మారిస్తే చాలు. గ్రౌండ్ ఫ్లోర్ పైన ఉన్నదే ఫస్ట్ ఫ్లోర్ అనడం, కలర్ స్పెల్లింగ్‌లో యు రాయడం, పాలు పోసిన టీ, అన్నీ మనవే. మా తిరుగు ప్రయాణం 05/01 అని షీట్‌లో రాస్తే, "మే 1 దాకా ఉంటారా?" అని అక్క భయపడింది. నేను రాసింది జనవరి 5. ఇంగ్లండ్ వాళ్లయితే సరిగ్గానే చదివేవాళ్లు.

అంతెందుకు, మా కేసముద్రం స్టేషన్ మీదుగా పోయే కాజీపేట – బెజవాడ లైను వేసింది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ కంపెనీని పెట్టిందే లండన్‌లో. 1889లో ఆ పట్టాలు బెజవాడ చేరాయి. అంటే లండన్ మా ఊరికి ఎప్పుడో వచ్చి పోయింది. మేమే ఇంకా పోలేదు.

ఇక మా ట్యాబు. అందులో 'ఏం చూడాలి' అన్న కాలమ్ నెల రోజులు ఖాళీగానే ఉంది. మాకు వేరే ప్రశ్న ఉంది: 'తిరిగి వస్తామని ఎట్లా నిరూపించాలి?'

మనకు విజిటర్ వీసా కావాలి. 2025 ఏప్రిల్‌లో ఆరు నెలల వీసాకు ఫీజు మనిషికి 127 పౌండ్లు చేశారు, అప్పట్లో పద్నాలుగు వేలకు పైనే. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి మాత్రమే అప్లై చేయాలి. ఆన్‌లైన్ ఫారం నింపి, హైదరాబాద్ పోయి వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. మామూలుగా మూడు వారాల్లో జవాబు వస్తుంది. కాదంటే ఫీజు వాపసు రాదు, అప్పీలు లేదు, మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి మొదలుపెట్టాలి. వీటితో పాటు పోయి రావడానికి డబ్బు ఉందని, ఇక్కడికే తిరిగి వచ్చే కారణం ఉందని కాగితాలతో చూపించాలి.

ఇక్కడే మా బాపు ఇరుక్కున్నాడు. ఆయన రైతు. మిర్చి, మక్క వేస్తాడు. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చి నేను గ్రాఫ్ గీశాను. ఏప్రిల్‌లో ఒక గుట్ట, అది ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన డబ్బు. జూన్‌లో విత్తనాలు, ఎరువులతో అది కరిగిపోతుంది. ఆ తర్వాత సెప్టెంబర్ దాకా చదును నేల. అక్టోబర్‌లో ఇంకో గుట్ట, కేసముద్రం మార్కెట్‌లో మక్కలు అమ్మినవి. రైతును చూసినవాళ్లకు ఇది పంటల క్యాలెండర్. నెల జీతం స్టేట్‌మెంట్లు చూసి అలవాటైన కళ్లకు మాత్రం, 'అప్లై చేసే ముందు ఎక్కడి నుంచో వచ్చి పడిన డబ్బు'. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి బాపుకు ఐటీ రిటర్నులు కూడా లేవు.

తెలిసినవాళ్లు చెబితే ఒక కన్సల్టెన్సీకి పోయాం. అక్కడి సారు స్టేట్‌మెంట్ చూసి, "రైతు అని రాయొద్దు, బిజినెస్ అని రాద్దాం. ఐదారు లక్షలు ఎవరి దగ్గరన్నా తెచ్చి అకౌంట్‌లో ఉంచండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. బాపు తన సంచిలోంచి తక్‌పట్టీల కట్ట తీసి టేబుల్ మీద పెట్టాడు. మార్కెట్‌లో సరుకు కాంటా అయ్యాక అడ్తిదారు ఇచ్చే చీటీ అది. ఏ రోజు, ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాలుకు ఎంత ధర, హమాలీ, దడువాయి ఖర్చులు పోను చేతికి ఎంత, అన్నీ ఉంటాయి. ఆ సారు వాటిని ఒక వేలితో పక్కకు జరిపి, "ఇవి ఎవరు చూస్తారండీ" అన్నాడు.

బాపు ఏమీ అనలేదు. బస్టాండ్ దాకా నడిచాక మాత్రం, "నేను రైతునంటే రానియ్యరా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఆ ప్రశ్న గురించే. ప్రతి దేశానికీ తన తలుపు దగ్గర నిలబడి ఎవరు నువ్వని అడిగే హక్కు ఉంటుంది. మనదీ అడుగుతుంది, మా అక్క కేసముద్రం రావాలన్నా వీసానో, ఓసీఐ కార్డో కావాలి. నా గొడవ అడగడం మీద కాదు. ప్రశ్న నెల జీతం ఉన్నవాడి కొలతకు కుట్టి ఉంది, అది రైతుకు పట్టదు. అది వాళ్లు మార్చుకోవాల్సింది. కానీ రెండో తప్పు మనది. ఆ కొలతకు పట్టడానికి మనం వేరే మనిషి అంగీ వేసుకుని పోతున్నాం. అప్పు తెచ్చిన డబ్బు, లేని బిజినెస్, ఎవరో రాసిన కవర్ లెటర్. దొరికితే పోయేది ఒక్క ట్రిప్పు కాదు. మోసం చేశారని తేలితే 10 ఏళ్ల దాకా ఇంగ్లండ్ తలుపు మూసేయొచ్చు. దొరకకపోయినా, ఇరవై ఐదేళ్లు చేసిన పనిని సొంత కాగితం మీదే కొట్టేసుకున్నట్టు కదా.

మన కాలేజీలో రేపు ఎమ్మెస్‌కు అప్లై చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ అమ్మానాన్నల గురించి రాసే గడి మీకూ వస్తుంది. అందుకే చెబుతున్నా.

మేం ఏం చేశామంటే, 'వృత్తి' దగ్గర వ్యవసాయం అనే రాశాం. పట్టాదారు పాస్‌బుక్, రెండేళ్ల తక్‌పట్టీలు పెట్టాం. తెలుగులో ఉన్న కాగితాలకు ధ్రువీకరించిన ఇంగ్లీష్ అనువాదం కావాలి కాబట్టి హన్మకొండలో చేయించాం. కవర్ లెటర్ నేనే రాశాను. బ్యాంకులో పడిన ఒక్కో మొత్తం పక్కన ఏ తక్‌పట్టీదో నంబర్ వేశాను. తిరిగి ఎందుకు వస్తారని ఉన్నచోట ఏం రాయాలని అడిగితే బాపు, "జనవరిల మిర్చి ఏరుడు మొదలైతది, ఎవరు చూస్తరు?" అన్నాడు. అదే ఇంగ్లీష్‌లో రాశాను. అంతకంటే గట్టి కారణం నాకు దొరకలేదు.

ఆ లెటర్ రాశాకే 'ఏం చూడాలి' కాలమ్ ముట్టుకున్నాను. అక్క లిస్టు కాపీ చేయబోయి ఆగాను. ఫైల్ మనదైనప్పుడు చూసేవి మాత్రం ఎవరో రాసిన లిస్టు ఎందుకు? బ్రిటిష్ మ్యూజియంలోకి టికెట్ లేదు. అక్కడ అమరావతి స్తూపం శిల్పాలు 120కి పైగా ఉన్నాయి, కృష్ణ ఒడ్డు నుంచి పోయినవి. టవర్‌లో కోహినూర్, కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే రాయి. ఇక కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సీపీ బ్రౌన్ సమాధి. ఆయన 1852లో అచ్చు వేయించిన తెలుగు – ఇంగ్లీష్ నిఘంటువు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను ఈ పత్రికకు రాసేటప్పుడు తెలియని తెలుగు మాట అందులోనే వెతుక్కుంటాను. ఒక ఇంగ్లీషాయన మన ఊళ్లల్లో తిరిగి మాటలు ఏరి పెడితే, నా భాష నాకు ఆయన పుస్తకంలో దొరుకుతోంది. ఆయన దగ్గర ఒక పూట నిలబడాలి. అక్కకు చెబితే, "శ్మశానమా, వెకేషన్‌లోనా?" అని నవ్వి, తర్వాత తన ట్యాబులో కూడా చేర్చుకుంది.

అక్టోబర్ చివర్లో హైదరాబాద్ పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చాం. పత్తి, మిర్చి చేన్లలో అరిగిన వేళ్లు కదా, బాపువి మెషీన్ మీద మూడుసార్లు పెట్టించారు. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. రాకపోవచ్చు కూడా. రాకపోతే అక్క సంక్రాంతికి కేసముద్రం వస్తానన్నది, మిర్చి ఏరడానికి మనుషులు తక్కువే ఉన్నారు.

బాపు మాత్రం తక్‌పట్టీల ఒరిజినల్స్ వాపసు వచ్చాయా లేదా అని రెండుసార్లు అడిగాడు. వచ్చాయి. మళ్లీ ఆ సంచిలోనే పెట్టుకున్నాడు.