గాజుతొట్టిలో సముద్రము

కరీంనగరము మానేరు ఒడ్డున నున్నది. ఆదిలాబాదు సీమకు ఉత్తరమున పెన్‌గంగ పారుచున్నది. ఈ ఏరుల నీరు తుదకు గోదావరిలో కలిసి బంగాళాఖాతమును చేరుచున్నది. నీరు సముద్రమును చేరుచున్నది గాని, ఆ ఏటి యొడ్డున పెరిగిన బాలబాలికలలో పెక్కుమంది సముద్రమును చూచి యెరుగరు. పగడపు దిబ్బలను గూర్చియు, వాని నడుమ తిరుగు రంగురంగుల చేపలను గూర్చియు వారు పుస్తకములలో చదువుదురు, పరీక్షలలో వ్రాయుదురు, పిదప మరచిపోవుదురు. అట్టి బాలుర కన్నులయెదుట ఒక గాజుతొట్టిలో సముద్రపు చేప ఈదుచుండిన నెంత బాగుండునని ఉపాధ్యాయులకు తోచుట సహజము.

కోరిక మంచిదే. కాని ఉప్పునీటి తొట్టిని పెట్టుట ఒక యెత్తు; దానిని ఆరోగ్యముగా నుంచుట వేరొక యెత్తు. ఏడాది పొడవునను కాపాడగల పాఠశాలయే దానిని పెట్టవలెను. తక్కిన పాఠశాలలు మొదట తమ ఊరి చెరువు చేపలతో ఆరంభించుట యుక్తము. ఈ మాట ఉత్సాహమును చంపుటకు చెప్పునది కాదు. చేపలను చంపకుండుటకు చెప్పునది.

గాజుతొట్టిలో జలచరములను పెంచు విద్య మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1850లో ఇంగ్లండులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, చేపలును నీటిమొక్కలును ఒకే తొట్టిలో నున్నచో ఒకదాని వలన నొకటి బ్రదుకునని ప్రయోగము చేసి చూపెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు మత్స్యశాల తెరవబడెను. మరుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ ప్రకటించిన గ్రంథము వలన ‘అక్వేరియం’ అను మాట వ్యాప్తిలోనికి వచ్చెను. మన దేశమున 1909లో మద్రాసు తీరమునను, 1951లో ముంబయిలో తారాపోర్‌వాలా పేరనను మత్స్యశాలలు వెలసెను. విశాఖపట్టణపు తీరమున మత్స్యదర్శిని యున్నది. మన దేశపు ఈ మూడును సముద్రపు టొడ్డుననే వెలయుట గమనింపదగినది. అచ్చట సముద్రము వాకిటనే యున్నది. కరీంనగరమున సముద్రమును తయారు చేసికొనవలసి యుండును.

నీటిలో వంటయింటి ఉప్పు కలిపిన సముద్రపు నీరగునని కొందరు తలంతురు. అది పొరపాటు. ఒక కిలోగ్రాము సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణము లుండును. వానిలో 30 గ్రాముల వరకు సోడియము, క్లోరైడులే యనుట నిజము. కాని మిగిలిన కొలదిలోనే మెగ్నీషియము, కాల్షియము, పొటాసియము, సల్ఫేటు మున్నగున వున్నవి. కాల్షియము లేనిదే గవ్వపురుగునకు గుల్ల యేర్పడదు. కావున ఈ పనికై ప్రత్యేకముగా కూర్చిన సముద్ర లవణమునే వాడవలెను. కుళాయి నీటిలోని క్లోరిను చేపలకు విషము గనుక దానిని ముందుగా తొలగింపవలెను. లవణమును వేరొక పాత్రలో కలిపి, ఒక దినము కదలనిచ్చి, హైడ్రోమీటరుతో కొలిచి, ఆ పిమ్మటనే తొట్టిలో పోయవలెను.

ఇంత జాగ్రత్త యేల? చెరువు చేప శరీరములోని రసము చుట్టునున్న నీటికంటె ఉప్పనైనది. అందుచే నీరు దాని లోనికి చొరబడుచుండును; చేప దానిని బయటకు పంపుచుండును. సముద్రపు చేప గతి ఇందుకు విరుద్ధము. చుట్టునున్న నీరే యెక్కువ ఉప్పనైనది గనుక దాని శరీరములోని నీరు వెలుపలికి పోవుచుండును. ఆ నష్టమును పూడ్చుటకు అది సముద్రపు నీటిని త్రాగుచు, అధికమైన ఉప్పును మొప్పలద్వారా విసర్జించుచుండును. నీటి ఉప్పదనము హఠాత్తుగా మారినచో ఈ యేర్పాటు తలక్రిందులగును.

ఇచ్చట నొక చిన్న లెక్క కలదు. 200 లీటర్ల తొట్టిలో లీటరునకు 35 గ్రాముల చొప్పున 7 కిలోగ్రాముల లవణ మున్నదనుకొనుడు. ఎండకు 20 లీటర్ల నీరు ఆవిరియైనది. ఆవిరియైనది నీరే గాని ఉప్పు కాదు. మిగిలిన 180 లీటర్లలోను ఆ 7 కిలోగ్రాములే యుండును. అనగా లీటరునకు సుమారు 39 గ్రాములు. తగ్గిన నీటికి మంచినీటిని చేర్చిన లెక్క సరిపోవును. తెలియక ఉప్పునీటిని చేర్చినచో మరి 700 గ్రాముల లవణము కూడును. తొట్టి నిండియే కనబడును. చేపలు మాత్రము కృశించును.

కంటికి కనబడని మరియొక పరివారమును తొట్టిలో పోషింపవలసి యుండును. చేపలు మొప్పలద్వారా అమ్మోనియాను విడుచును. అది వానికే విషము. ఒక జాతి సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగాను, మరియొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. నైట్రేటు అంత హానికరము కాదు. కొంత నీటిని తీసి క్రొత్తనీటిని పోయుచుండిన నది తగ్గును. ఈ సూక్ష్మజీవుల రహస్యమును 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ వెల్లడించెను. క్రొత్త తొట్టిలో వీని సంతతి చాలినంతగా పెరుగుటకు సాధారణముగా నాలుగైదు వారములు పట్టును. ఆ కాలమున తొట్టి ఖాళీగా నుండవలెను. ప్రారంభోత్సవమునకు అతిథి రేపు వచ్చుచున్నాడని నేడు నీరు పోసి చేపలను విడుచుట వానికి మరణశిక్ష విధించుటయే.

మేత విషయమునను ఓర్పు కావలెను. ప్రేమతో ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క చిటికెడు వేసినచో తినగా మిగిలినది క్రుళ్ళి అమ్మోనియా యగును. చేపకు ఆకలి వలన కలుగు హాని కంటె అతిప్రేమ వలన కలుగు హాని యధికము. ఒక్కరే, ఒక్క వేళకే, కొలదిగా మేత వేయవలెను.

ఇక ఈ సీమ వాతావరణము. సముద్రపు నీరు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారును గనుక పగడపు దిబ్బల చేపలు మార్పునకు అలవాటుపడినవి కావు. వానికి 24 మొదలు 27 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి హితమైనది. రామగుండమున వేసవిలో ఎండ 45 డిగ్రీలను దాటుచుండును. ఆదిలాబాదు సీమలో శీతకాలపు రాత్రులు 5 డిగ్రీల దరిదాపులకు దిగుటయు కలదు. నీరు వేడెక్కిన కొలది అందు కరగు ప్రాణవాయువు తగ్గును. 30 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును. సముద్రపు నీటిలో 6 మిల్లీగ్రాములకు కొంచెమే యధికము. అట్టి వేళ విద్యుత్తు పోయి గాలిపంపు ఆగినచో చేపలు గంటల వ్యవధిలోనే ఊపిరాడక చచ్చును.

నీటిని చల్లబరచు యంత్రము లున్నవి గదా, విద్యుత్తు పోయిన నడుపుటకు బ్యాటరీలున్నవి గదా యని కొందరందురు. ఉన్నవి. ధనమున్న పాఠశాల వానిని కొనగలదు. కాని ఏప్రిల్ చివర నుండి జూన్ రెండవ వారము వరకు పాఠశాలలకు వేసవి సెలవులు. ఎండ మిక్కిలి తీవ్రముగా నుండు ఆ దినములలోనే గదికి తాళము పడును. చేపకు సెలవు లేదు. ఆదివారములందును, దసరా, సంక్రాంతులందును తొట్టి చెంతకు ఎవరు వత్తురో పేరుతో వ్రాసి పెట్టనిదే ఎన్ని యంత్రములు కొన్నను వ్యర్థము. యంత్రము నీటి వేడిని చెప్పగలదు గాని, నిన్న చురుకుగా నుండిన చేప నేడు మూలకు చేరినదని గమనింపజాలదు.

మరియొక విషయమును మరువరాదు. చెరువు చేపలవలె గాక, అంగళ్ళలో అమ్ము సముద్రపు అలంకార చేపలలో పెక్కు పగడపు దిబ్బల నుండి పట్టి తెచ్చినవే. పాఠశాలలో ఒక చేప చచ్చిన, దానికి బదులుగా మరియొక చేపను దిబ్బ నుండి పట్టుదురు. పగడములకును, సముద్రపు గుర్రములకును 2001 నుండి మన వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ నిచ్చుచున్నది. వానిని తొట్టికై కొనుట నేరము. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ చేప వంటి కొన్నింటిని పొదిగించి పెంచు పద్ధతులను రూపొందించిరి. ఉప్పునీటి తొట్టి పెట్టదలచిన పాఠశాల అట్లు పెంచిన చేపలనే కోరి తెచ్చుకొనవలెను.

అట్లయిన ఈ సీమ విద్యార్థులు చేయదగిన దేమి? కొర్రమీనును తెలంగాణము తన రాష్ట్ర చేపగా ఎన్నుకొన్నది. ఈ ప్రాంతపు వారు దానిని కొర్రమట్ట యందురు. అది నీటిపైకి వచ్చి గాలిని పీల్చును. అందుచేతనే ఎండకాలమున చెరువు బురదయైనను బ్రదుకును. పిల్లలను గుంపుగా చేర్చుకొని తల్లిదండ్రులు కాపలా కాయును. దాని పిల్లల నొకటి రెంటిని వేరుగా, ఎగిరి పడకుండ మూత గల తొట్టిలో నుంచి చూచిన నెన్ని పాఠములు తెలియును! వేరొక తొట్టిలో చిన్న పరకలను, చెరువు నాచును ఉంచవచ్చును. నీటి వేడి, మేత, ఆవిరియైన నీరు, చేపల నడవడి ప్రతిదినము పుస్తకమున వ్రాయవలెను. ఒక వేసవియు ఒక చలికాలమును ఆ పుస్తకములో ఒక్క దినమును విడువకుండ గడచినచో ఆ పాఠశాల సముద్రమునకు అర్హమైనదని చెప్పవచ్చును.

పెంచలేనప్పుడు అంగడిలో కొన్న చేపలను చెరువులో విడుచుట దయ కాదు. అమెరికా ఖండపు నదులలో పుట్టిన దెయ్యపు చేప ఇట్లే తొట్ల నుండి బయటపడి, తెలుగు నేలపై పెక్కు జలాశయములలో వ్యాపించి, చేపలు పట్టి జీవించు వారికి నష్టము కలిగించుచున్నది. తెచ్చిన ప్రాణిని కడవరకు పోషించుట, పోషింపలేనివారు పోషింపగలవారికి అప్పగించుట తగిన పని.

గాజుతొట్టి గోడకు వ్రేలాడదీయు పటము కాదు. దానిలోని ప్రాణి తన నీటిని తాను మార్చుకొనలేదు, తన మేతను తాను వెదకుకొనలేదు, వేడిమి యెక్కువైన లోతులకు పోలేదు. ఏటిలోను సముద్రములోను ప్రకృతి చేయు పనినంతటిని తొట్టి పెట్టినవారు తమ తలపై వేసికొనుచున్నారు. ఆ భారమును తెలిసి మోయు విద్యార్థులకు ఆ తొట్టి గొప్ప గురువు. తెలియక తెచ్చిన చోట అది చేపలకు చెరసాల. ఈ రెంటిలో ఏది కావలయునో చేపలను కొనుటకు ముందే నిశ్చయించుకొనవలెను.