తల్లిని చూపని చోట పిల్లను కొనరాదు

నారాయణగూడ పేటలో రెండు ప్రభుత్వ సంస్థలు కలవు. కుక్క కరచినవారు సూదిమందు కొరకు వరుసలో నిలుచునట్టి వ్యాధి నివారణ సంస్థ, జనుల నోట ‘ఐపీఎం’, ఒకటి. రోగము వాతబడిన కుక్కను ఒడిలో వేసికొని యజమానులు ఆటోలు దిగి పరుగున వచ్చునట్టి సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల మరియొకటి. మొదటిచోట మనుష్యుల బాధ, రెండవచోట మూగజీవుల బాధ. ఈ రెండు బాధలకును గల కారణములలో ఒకటి మాత్రము ఉమ్మడిది: కుక్కపిల్లలను పుట్టించుట, అమ్ముట, కొనుట అను మూడు పనులును మన నగరమున ఎట్టి అదుపును లేక సాగుచుండుట. ఈ వ్యాపారమును కట్టడి చేయవలసినది ప్రభుత్వము. అయినను కట్టడికి మొదటి మేకు కొట్టగలవాడు కొనుగోలుదారు. తల్లిని చూపని చోట కుక్కపిల్లను కొనరాదని, అట్లు అమ్మువానిని అమ్మనీయరాదని మా నిశ్చితాభిప్రాయము.

ఈ అమ్మకము జరుగు తీరు కోఠి, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులకు తెలియనిది కాదు. ఫోనులో ఒక ఫొటో వచ్చును. తెల్లని బొచ్చు, నీలి కన్నులు, మెడకు ఎఱ్ఱని రిబ్బను. ధర వేలలో ఉండును. చిరునామా అడిగినచో ‘మీరు రానక్కరలేదు సార్, మేమే తెచ్చి ఇస్తాము’ అను మర్యాద ఎదురగును. సాయంకాలము ఏ బస్‌స్టాప్ వద్దనో మెట్రో స్తంభము నీడనో స్కూటరు ఆగును. ముందు భాగమున కాళ్ల నడుమ నిలిపిన అట్టపెట్టె మూత తెరచుకొనును. అందులో వార్తాపత్రికల ముక్కలమీద, తన మూత్రములోనే తడిసి, నిద్రయో నీరసమో తెలియని స్థితిలో ఒక పసికూన కనిపించును. పైకము చేతులు మారును. ‘ఎన్ని దినముల పిల్ల?’ అని అడిగినచో అమ్మకందారు తడుముకొనక చెప్పు సమాధానము ఒక్కటే: ‘ఫార్టీఫైవ్ డేస్.’

ఆ నలుబదియైదు దినములను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. జంతుహింస నివారణ చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము 2017 మే నెలలో శునకముల పెంపకము, విక్రయములకు సంబంధించిన నియమములను ప్రకటించినది. వాని ప్రకారము ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. ఎనిమిది వారములనగా ఏబదియారు దినములు. కాబట్టి అమ్మకందారు గర్వముతో పలుకు ఆ నలుబదియైదు అను సంఖ్య పిల్ల లేతదనమునకు ప్రశంసాపత్రము కాదు సరికదా, తాను చట్టమును అతిక్రమించితినని ఆతడు స్వయముగా ఇచ్చు వాఙ్మూలము. విని తల యూపి పైకమిచ్చువారిలో చదువుకొన్నవారే అధికులగుట విచారకరము.

చట్టము ఈ గడువును ఊరక విధింపలేదు. కుక్కపిల్ల కన్నులు మూసికొని పుట్టును. రమారమి రెండు వారములకు గాని అవి తెరచుకొనవు. పుట్టిన తొలి గంటలలో తల్లి ఇచ్చు ముర్రుపాలతోనే దానికి తొలి రక్షణ శక్తి సంక్రమించును. మూడవ వారము మొదలుకొని తోబుట్టువులతో కలియబడుచు, కఱచుచు, కఱపించుకొనుచు, పన్ను ఎంత గట్టిగా దిగిన ఎదుటిది కుయ్యోమని అరచి ఆట మానునో, ఎంత అల్లరి చేసిన తల్లి గుఱ్ఱుమని మందలించునో ఆ పాఠము నేర్చుకొనును. అమెరికాలోని బార్ హార్బరు ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి, పరిశీలించి, 1965లో ప్రచురించిన గ్రంథమున ఈ తొలి వారముల ప్రాముఖ్యమును సవిస్తరముగా నిరూపించిరి. ఆ పాఠశాల నుండి అయిదవ వారముననే ఈడ్చివేయబడిన పిల్ల పెరిగి పెద్దదైన పిదప ఇంటిలోని పసివాని చేతిని ఎంత గట్టిగా పట్టవలెనో తెలియక పట్టినచో, తప్పు దానిదందుమా, దానిని అట్టపెట్టెలో తెచ్చినవానిదందుమా?

ఇంతకంటె క్రూరమైనది పార్వో వ్యాధి. ఆ విషక్రిమి దేహమున ప్రవేశించిన మూడు మొదలు ఏడు దినముల వఱకు పైకి ఏ లక్షణమును కానరాదు. అనగా, అమ్మిన నాడు పిల్ల ఆడుచుండును. నాలుగవ నాటికో అయిదవ నాటికో ఆహారము మానును, వాంతి చేసికొనును, నెత్తురు కలిసిన విరేచనము మొదలగును. యజమాని ఫోను చేసినచో ‘మీరేదో తినిపించియుందురు’ అను సమాధానము సిద్ధము. పశువైద్యశాలలో ముందరి కాలికి కట్టిన సెలైను గొట్టముతో, కన్నులు లోనికి పోయి, మెడ నిలుపలేక పడియున్న ఆ కూనలను, వాని ప్రక్కన బల్లమీద కూర్చుండి తువాలుతో మూతి తుడుచుచున్న పిల్లలను చూచినవారికి ఈ వ్యాపారము లాభసాటి ముచ్చటగా తోచదు. దుఃఖముతో వెంటనే మరియొక పిల్లను తెచ్చువారు కలరు. ఆ విషక్రిమి నేలమీద నెలల తరబడి జీవించునని, బ్లీచింగు ద్రావకముతో కడిగిన గాని తొలగదని, టీకాలు పూర్తికాని కొత్త పిల్లను అదే గదిలోనికి తెచ్చుట తగదని వారికి ముందుగా చెప్పువారు లేరు.

మఱి తల్లి యేది? ప్రశ్న యంతయు ఇక్కడనే యున్నది. పైని చెప్పిన నియమములలో తల్లికి సంబంధించినవే ముఖ్యమైనవి: పదునెనిమిది నెలలు నిండని ఆడుకుక్కను చూలికి పెట్టరాదు, జీవితకాలములో అయిదు ఈతలకు మించరాదు, ఎనిమిదేండ్లు వచ్చిన పిదప అసలే పనికిరాదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసికొని, ఆ పత్రమును అందఱికి కనబడునట్లు ఉంచవలెను. ఏదో యొక శివారు గదిలో, వరుస పంజరములలో, ఈతవెంట ఈతగా ఎండి, చన్నులు నేలకు వ్రేలాడు తల్లిని చూపినచో ఏ గృహస్థును ఆ పిల్లను కొనడు. అందుచేతనే అమ్మకందారు ఇంటికి తెచ్చి ఇచ్చెదనని అంత మర్యాద చేయుచున్నాడు. భారత కథారంభమున జనమేజయుని తమ్ములు నిష్కారణముగా తన కూనను కొట్టినప్పుడు సరమ అను ఆడుకుక్క రాజసన్నిధికి వచ్చి న్యాయమడిగినది. అడిగి, శపించి మఱి పోయినది. మన నగరమున తల్లులకు ఆ రాజద్వారము వఱకు వచ్చు అవకాశము సైతము లేదు.

తల్లి కనబడిన పిదప చూడవలసినవి కొన్ని కలవు. తల్లి కొత్తవారిని చూచి కొంచెము అనుమానముగా మొఱిగినను, పెంచినవాని మాటకు తగ్గి వచ్చి వాసన చూచుచున్నదా, లేక మూలకు నక్కి వణకుచున్నదా? పిఱికి తల్లి కడుపున పుట్టి, ఆమె వద్దనే పెరిగిన కూన పిఱికిదగుటకు అవకాశము మెండు. ఇక పిల్ల: చిగుళ్లు పాలిపోక లేతగులాబి వర్ణముతో ఉండవలెను, కన్నులలో, ముక్కులో చీమిడి కూడదు, తోక క్రింద శుభ్రముగా ఉండవలెను, తక్కిన దేహము బక్కచిక్కి పొట్ట మాత్రము తప్పెటవలె ఉబ్బియున్నచో అది పుష్టి యని మురియరాదు, నులిపురుగులని గ్రహింపవలెను. వెనుకనుండి చప్పట్లు కొట్టిన తల త్రిప్పవలెను. మెల్లగా వెల్లకిల పెట్టి అరచేయి రొమ్ముమీద ఉంచినచో కొంచెము గింజుకొని పిదప కుదుటపడు పిల్ల సంసారులకు తగినది. అందఱికంటె ముందు ఉరికివచ్చి ప్యాంటు పట్టుకొని లాగు దానిని ‘చురుకైనది’ అని ఎంచుకొనువారు తరువాత ఆ చురుకుదనమును భరించుటకు కూడ సంసిద్ధులై యుండవలెను.

జాతి యెంపిక విషయమున మనవారి మోజునకు ఏనాడును శాస్త్రము తోడు లేదు. ఒక తరము పమేరియను వెంట పోయినది, 2003 నాటి ఒక టెలిఫోను కంపెనీ ప్రకటన పుణ్యమా యని నగరమంతట ‘హచ్ డాగ్’ వెలసినది, నేడు హస్కీ. సైబీరియా మంచులో బండి లాగుటకై రెండు పొరల బొచ్చుతో పెంపొందిన ప్రాణిని, మే నెలలో నలుబది డిగ్రీలు దాటు హైదరాబాదున, అశోక్‌నగరులోని ఏ మూడవ అంతస్తు ఫ్లాటులోనో, కూలరు ఎదుట పండబెట్టి పెంచుట ప్రేమ యనిపించుకొనదు. కుక్కకు మనవలె ఒడలంతట చెమట పట్టదు. నాలుక వ్రేలవైచి రొప్పుటయే దానికి ప్రధానమైన శీతలోపాయము. ముక్కు నొక్కి ముఖమును చదును చేసి పుట్టించిన పగ్గులకు, బుల్‌డాగులకు ఆ రొప్పుట కూడ సరిగా చేతకాదు. అట్టి పొట్టిముక్కు కుక్కల పెంపకముపై నెదర్లాండ్సు ప్రభుత్వము కఠిన నిబంధనలను అమలు చేయుచున్నది. అది చల్లని దేశమన్న సంగతి కూడ గమనింపదగినది. మనకు కుక్కజాతులే లేవా? కర్ణాటకమున ముధోల్, తమిళనాట రాజపాళయము, చిప్పిపారై కలవు. మన కొల్లేటి ప్రాంతమున బాతులను కాచిన పొట్టి బొచ్చు జోనంగి కలదు. దాని పేరు తెలిసిన తెలుగువారెందఱో ఎవరికి వారు లెక్కించుకొనవచ్చును.

అట్లని జోనంగిని తెచ్చి ఫ్లాటులో కట్టివేయుడని మేము చెప్పుటలేదు. అది పరుగెత్తు జాతి. సామాన్య గృహస్థునకు మన వీధికుక్క పిల్లయే సర్వవిధముల తగినది. మన ఎండకు, మన తిండికి అలవాటుపడినది. పైగా దాని తల్లి ఎదుటనే, ఏ మెట్ల క్రిందనో పండుకొని అందఱికి కనబడుచునే యున్నది. పరీక్షలకు చదువుచు హాస్టలు గదులలో తాత్కాలికముగా ఉండు విద్యార్థులు మాత్రము ఏ పిల్లను తెచ్చుకొనకుండుటయే దయ. కోచింగు ముగిసి ఊరికి పోవునాడు అది వీధిలో మిగులును.

‘ప్రకృతిసిద్ధమైన పోషణ’ యను మాట ఈ నడుమ మిక్కిలిగా వినబడుచున్నది. మాకును ఆ మాటపై గౌరవము కలదు. అందుచేతనే దాని అర్థమును అమ్మకపు సరకుగా మార్చనీయరాదందుము. ప్రకృతి కుక్కపిల్లకు ఇచ్చిన తొలి వైద్యము తల్లి. ఎనిమిది వారముల తల్లి సాహచర్యమును అపహరించి, పిదప వేపనూనె, పసుపు, పచ్చిమాంసము అని సేవ చేయుట మూలమును నఱికి ఆకులకు నీరు చల్లుటయే. వేపనూనె పూత గోమార్లను కొంత దూరముగా ఉంచునేమో కాని, గోమారి కాటువలన వచ్చిన జ్వరమును కుదుర్పజాలదు. దానికి రక్తపరీక్ష, వైద్యుడు వ్రాసిన మందు కావలెను. టీకా ప్రకృతివిరుద్ధమనువారు ఐపీఎం వరుసలో ఒక ఉదయము నిలిచి చూడవలెను. ఆరవ, ఎనిమిదవ వారముల నడుమ మొదలిడి, మూడు నాలుగు వారములకొక పర్యాయము, పదునాఱవ వారము వఱకు టీకాలు వేయించుట, మూడవ నెలలో రేబిస్ టీకా, క్రమముగా నులిపురుగుల మందు — ఇందులో ఏదియు వదలరానిది. రేబిస్ లక్షణములు పొడసూపిన పిదప మనుష్యునికైనను కుక్కకైనను చికిత్స లేదు.

తిండి విషయమున మన ఇండ్లలో రెండు పొరపాట్లు. వట్టి పెరుగన్నముతో పిల్లను పెంచుట మొదటిది. అన్నము కుక్కకు విషము కాదు, మనుష్యుని గడపలో వేల యేండ్లు మసలి పిండిపదార్థము జీర్ణించుకొను శక్తిని అది సంపాదించినది, కాని ఎదుగు దేహమునకు గ్రుడ్డు, ఉడికించిన మాంసము వంటివి తప్పవు. మిగిలినదెల్ల పళ్లెములో వేయుట రెండవది. నిన్నటి సాంబారులోని ఉల్లిపాయ దాని నెత్తురును చెఱచును. పాయసములోని కిస్మిసు మూత్రపిండములను దెబ్బతీయును. పిల్లవాడు ముద్దుగా పెట్టు చాక్లెట్టు ముక్క గుండెకు ముప్పు తెచ్చును. ఉడికిన కోడియెముక చీలి ప్రేగులలో గ్రుచ్చుకొనును. జ్వరము వచ్చినదని ఇంటిలోని మాత్ర మ్రింగించుట వీనియన్నిటికంటె ప్రమాదకరము.

‘ఒక్క ఈతయైనను కననీయవలె, లేకున్న ఆడుకుక్కకు ఆరోగ్యము చెడును’ అని పెద్దలు కూడ చెప్పుచుందురు. దీనికి శాస్త్రాధారము లేదు. ఆ ఒక్క ఈతలో పుట్టిన ఆఱేడు పిల్లలలో రెంటిని బంధువులు తీసికొందురు, తక్కినవి ఏమగును? 2023 ఫిబ్రవరిలో మనకు కూతవేటు దూరమున, అంబర్‌పేటలో, నాలుగేండ్ల పసివాడు వీధికుక్కల వాతబడి మరణించినప్పుడు నగరమంతయు కలవరపడినది, పురపాలకులను నిందించినది. నింద సబబే. కాని ఇంటి కుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయింపక, రాత్రివేళ గేటు తీసి తిరుగుటకు వదలి, పిల్లలను సందు చివర విడిచిన గృహస్థులను ఎవ్వరును వేలెత్తి చూపలేదు.

చిన్న పెంపకందారుల జీవనోపాధి పోవునని కొందఱు వాదింతురు. తల్లిని ఇంటి మనిషివలె చూచుకొని, ఎప్పుడో యొక ఈత వేయించి, వచ్చినవారిని లోనికి పిలిచి కూర్చుండబెట్టి చూపు పెంపకందారునకు ఈ నియమములవలన నష్టమేమియు లేదు. అట్టపెట్టె వ్యాపారి పోటీ తొలగి లాభమే. ఇంగ్లండు దేశమున లూసీ అను ఆడుకుక్క పేర వచ్చిన శాసనము 2020 ఏప్రిల్ 6 నుండి అమలులోనికి వచ్చినది. ఆఱు నెలలలోపు కూనలను దళారులు అమ్మరాదు, పుట్టినచోటనే తల్లితోకూడ చూపి పెంపకందారే స్వయముగా అమ్మవలెను. మన నియమము అంతకు మూడేండ్లు ముందే పుట్టినది. నడచుట మాత్రము నేర్వలేదు. 1960 నాటి మూల చట్టమున జంతుహింసకు తొలి తప్పు క్రింద విధించిన జుల్మానా పది మొదలు ఏబది రూపాయలు. అది నేటికిని అంతియే. కోఠిలో ఒక పాత పుస్తకము కూడ ఆ సొమ్మునకు రాదు. ఈ మొత్తమును పెంచవలసినది పార్లమెంటు.

పార్లమెంటు కదలువఱకు రాష్ట్రము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. నమోదైన పెంపకందారుల పేర్లు, చిరునామాలతో రాష్ట్ర జంతు సంక్షేమ మండలి ఒక పట్టికను తెలుగున, ఉర్దూన ప్రకటించి నారాయణగూడ పశువైద్యశాల గోడకు అంటింపవలెను. పార్వోతో వచ్చిన ప్రతి కూనను ఎవరు అమ్మిరో, ఎన్ని దినముల వయస్సున అమ్మిరో చీటీ వ్రాయునప్పుడే వైద్యులు అడిగి నమోదు చేయవలెను. ఒక్క సంవత్సరము అట్లు వ్రాసినచో ఏ ఫోను నంబరు ఎన్ని పర్యాయములు వచ్చినదో పోలీసువారికి వేఱుగ చెప్ప పనియుండదు. నమోదు సంఖ్య లేని ప్రకటనలను ఏ పత్రికయు వేయరాదు.